ముఖం చూసి మనసు చెప్పగలమా? 150 ఏళ్లుగా తెగని వాదం

యూరోపియన్ యూనియన్ తెచ్చిన కృత్రిమ మేధ చట్టంలోని కొన్ని నిషేధాలు 2025 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చాయి. ఉద్యోగుల, విద్యార్థుల ముఖాన్నో గొంతునో బట్టి వాళ్లు కోపంగా ఉన్నారా, దిగులుగా ఉన్నారా అని లెక్కగట్టే వ్యవస్థలను పనిచేసే చోట, విద్యాసంస్థల్లో వాడకూడదన్నది వాటిలో ఒకటి. వైద్య, భద్రతా అవసరాలకు మినహాయింపు ఇచ్చారు. నిషేధం కంటే దానికి చెప్పిన కారణం ఎక్కువ ఆసక్తికరం. ఈ వ్యవస్థల శాస్త్రీయ పునాది మీదే తీవ్రమైన అనుమానాలున్నాయనీ, ఉద్వేగాలు బయటపడే తీరు సంస్కృతిని బట్టి, సందర్భాన్ని బట్టి, చివరకు ఒకే మనిషిలో కూడా మారుతుందనీ చట్టం పీఠికలో రాశారు. గోప్యత పేరుతోనో వివక్ష పేరుతోనో ఒక సాంకేతికతను అడ్డుకోవడం మామూలే. దాని వెనక ఉన్న శాస్త్రమే తేలలేదని శాసనకర్తలు అనడం అరుదు.

ఆ తేలకపోవడం నిన్న మొన్నటిది కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పారిస్‌లో డుషెన్ అనే నాడీ వైద్యుడు ముఖంలో స్పర్శ సరిగా తెలియని ఒక వృద్ధుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెంపల మీద, నుదుటి మీద విద్యుత్ కడ్డీలు ఆనించి ఒక్కో కండరాన్నీ విడివిడిగా బిగింపజేశాడు. ఒకచోట తాకితే నవ్వు, మరోచోట తాకితే భయం. వాటిని ఫొటోలు తీయించి 1862లో పుస్తకంగా వేశాడు. నోరు తెరుచుకుని, కళ్లు బయటికొచ్చి, ఘోరమైన భయంతో కనిపించే ఆ వృద్ధుడు నిజానికి దేనికీ భయపడటం లేదు.

పదేళ్ల తర్వాత, 1872లో, మనుషుల్లో, జంతువుల్లో ఉద్వేగాల వ్యక్తీకరణ మీద డార్విన్ తెచ్చిన పుస్తకంలో ఈ ఫొటోలు కొన్ని ఉన్నాయి. కవళికలు మానవులందరికీ ఒకటేనని, జంతువుల నుంచి వారసత్వంగా వచ్చాయని ఆయన వాదన. అందరూ గుర్తుపెట్టుకున్నది ఇదే. అదే పుస్తకంలో ఆయన చెప్పిన ఇంకో సంగతి మరుగున పడింది. డుషెన్ ఫొటోలను వివరణ లేకుండా ఇరవై మందికి పైగా చదువుకున్నవారికి చూపిస్తే, కొన్నింటిని దాదాపు అందరూ ఒకేలా గుర్తుపట్టారు. మరికొన్నింటి మీద తలా ఒక మాట చెప్పారు. తాను మాత్రం మొదటిసారి వివరణ చదువుతూ చూశాననీ, అందుకే దాదాపు అన్నీ నిజంలా తోచాయనీ, చదవకపోయి ఉంటే తానూ తికమకపడేవాడిననీ డార్విన్ ఒప్పుకున్నాడు. ఆ పేజీ తర్వాతివాళ్లు శ్రద్ధగా చదివి ఉంటే కొన్ని కోట్ల డాలర్లు మిగిలేవి.

ఆయన స్వయంగా జాగ్రత్తపడ్డాడా అంటే, పూర్తిగా కాదు. 1867లో వివిధ దేశాల్లోని మిషనరీలకు, అధికారులకు 16 ప్రశ్నలు పంపాడు. జవాబిచ్చినవారిలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు చెందిన జె. స్కాట్ ఒకరు. ‘ఆశ్చర్యం కలిగినప్పుడు కళ్లు, నోరు బాగా తెరుచుకుని కనుబొమలు పైకి లేస్తాయా?’ అన్నది మొదటి ప్రశ్న. జవాబు ప్రశ్నలోనే ఉంది.

ఈలోగా వాదం ముఖం నుంచి శరీరంలోకి, మెదడులోకి వెళ్లింది. ఎలుగుబంటిని చూసి భయపడి పరిగెత్తుతామన్న మామూలు నమ్మకాన్ని 1884లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ తలకిందులు చేశాడు. శరీరంలో కలిగే మార్పులు మనకు తెలియడమే భయమన్నాడు. ఇరవయ్యో శతాబ్దం చివరికి భయానికి స్థావరం మెదడులోని అమిగ్డలా అన్న మాట పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అదీ అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. అరుదైన జన్యు వ్యాధితో రెండు వైపులా అమిగ్డలా దెబ్బతిన్న ఒక అమెరికా మహిళ పాములను నిర్భయంగా చేతుల్లోకి తీసుకుంది. 2013లో ఆమెతో పాటు అలాంటి మరో ఇద్దరికి 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి పీల్పిస్తే ముగ్గురూ విపరీతమైన భయాందోళనకు గురయ్యారు. భయం వాళ్లలో లేకపోలేదు. అది రావడానికి వేరే దారి ఉంది.

ముఖం విషయానికొస్తే, అసలు మలుపు పపువా న్యూగినీ కొండల్లో జరిగింది. నవ్వూ ఏడుపూ కూడా సమాజం నేర్పినవేనని మార్గరెట్ మీడ్ వంటి మానవశాస్త్రజ్ఞులు నమ్ముతున్న రోజులవి. 1960ల చివర అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్మన్ బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే తెగ దగ్గరికి వెళ్లాడు. 189 మంది పెద్దలకు, 130 మంది పిల్లలకు చిన్న చిన్న కథలు చెప్పి, పాశ్చాత్యుల ఫొటోల్లో దానికి తగిన ముఖం చూపించమన్నాడు. భయం కథ ఇలా ఉంటుంది: ఆమె ఇంట్లో ఒంటరిగా ఉంది. ఊళ్లో ఎవరూ లేరు. ఇంట్లో కత్తి లేదు, గొడ్డలి లేదు, విల్లంబులు లేవు. గుమ్మంలో అడవి పంది నిలబడి ఉంది. 1971లో ప్రచురించిన ఫలితాల్లో ఎక్కువ కథలకు సరైన ముఖాలే వచ్చాయి. భయాన్ని, ఆశ్చర్యాన్ని మాత్రం ఫోరేలు విడదీయలేదు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఏవగింపు, ఆశ్చర్యం అన్న ఆరింటి జాబితా అలా స్థిరపడింది.

అయితే పెద్దల ముందు పెట్టినవి మూడేసి ఫొటోలు, పిల్లల ముందు రెండేసి. ‘వీటిలో ఏదీ కాదు’ అనే అవకాశం లేదు. పైగా ఫొటోల్లో చాలావరకు కావాలని పెట్టిన ముఖాలు. ఈ లోపాలను మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రసెల్ 1994లో వరుసగా ఎత్తిచూపాడు. 2016లో, అదే పపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో, కళ్లు పెద్దవై నోరు తెరుచుకున్న ‘భయం’ ముఖాన్ని చూపిస్తే అక్కడివారు బెదిరిస్తున్న మనిషిగా చూశారు. ఒడిశాలో చేసిన ఒక అధ్యయనంలో నాలుక కరుచుకున్న ముఖాన్ని భారతీయులు సిగ్గుగా గుర్తించారు, అమెరికన్లకు అది అంతుపట్టలేదు. తెలుగువారికి ఇందులో కొత్తేమీ లేదు గానీ ఎక్మన్ ఆరింటిలో సిగ్గుకు చోటే లేదు.

ఇక్కడ నాట్యశాస్త్రం గుర్తుకు రాక మానదు. ప్రాచీనులకు అన్నీ ముందే తెలుసనడం నా ఉద్దేశం కాదు. అది రంగస్థల గ్రంథం, మనస్తత్వ పరిశోధన కాదు. కానీ ఎనిమిది స్థాయీభావాలు (మనసులో నిలిచి ఉండే ప్రధాన భావాలు) చెప్పిన ఆ గ్రంథం, విభావం (భావానికి కారణం), అనుభావం (బయటికి కనిపించే చేష్ట), వ్యభిచారి భావాలు (వచ్చిపోయే భావాలు) కలిస్తేనే రసం పుడుతుందంది. అంటే కారణం, సందర్భం లేకుండా ముఖం ఒక్కటే సరిపోదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు గురువులు ఎవరిని చూసి, ఎందుకు అలిగావో ముందు చెప్పి ఆ తర్వాతే అలక పట్టిస్తారు. ప్రయోగశాల చేసింది దీనికి ఎదురు. ముఖాన్ని సందర్భం నుంచి కత్తిరించి విడిగా పెట్టింది.

ఆ కత్తిరింపు యంత్రాలకు బాగా కలిసొచ్చింది. 1978లో ఎక్మన్, ఆయన సహ పరిశోధకుడు ఫ్రీసెన్ ముఖ కండరాల కదలికలకు అంకెలు ఇచ్చారు. 6 అంటే చెంపలు పైకి లేవడం, 12 అంటే పెదవుల కొసలు సాగడం. 6, 12 కలిస్తే సంతోషం. కంప్యూటర్‌కు ఇంతకంటే ఏం కావాలి! అయితే యంత్రాల కంటే ముందు మనుషులతోనే పెద్ద పరీక్ష జరిగింది. ముఖంలో, ప్రవర్తనలో ఆందోళనను పసిగట్టే అధికారులను అమెరికా 2007 నుంచి దేశవ్యాప్తంగా విమానాశ్రయాల్లో నియమించింది. దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారం లేదని, నిధులు తగ్గించాలని 2013లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ఆ దేశ జవాబుదారీ కార్యాలయం సూచించింది. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ సహా ఐదుగురు శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా అధ్యయనాలను పరిశీలించారు. కోపంలో మనుషులు ముఖం చిట్లించేది సుమారు 30 శాతం సార్లేనని లెక్క తేలింది. పైగా చిట్లించిన ప్రతి ముఖమూ కోపంతో ఉన్నది కాదు. ఏకాగ్రతలోనూ కనుబొమలు ముడిపడతాయి.

2021 జనవరిలో లక్నో పోలీసులు, వీధిలో ఆపదలో ఉన్న మహిళల ముఖకవళికలను పసిగట్టి హెచ్చరించే కెమెరాలు పెడతామన్నారు. మన దేశంలో యూరప్ తరహా నిషేధం లేదు. 2022లో మైక్రోసాఫ్ట్ తన ముఖ విశ్లేషణ సేవ నుంచి ఉద్వేగాల భాగాన్ని తానే తొలగించింది.

యూరప్ చట్టం గీత ఎక్కడ గీసిందో చూడాలి. ముఖం మీద నవ్వు ఉందని కెమెరా గుర్తించవచ్చు. దాన్ని బట్టి ఉద్యోగి సంతోషంగా ఉన్నాడని తేల్చకూడదు. అలసట ఉద్వేగం కాదు కాబట్టి డ్రైవర్ల, పైలట్ల అలసటను కనిపెట్టే కెమెరాలకు ఇబ్బంది లేదు. ఇంతవరకు డార్విన్ ఒప్పుకున్న తికమకకు న్యాయం జరిగినట్టే. కానీ పోలీసులు, సరిహద్దు అధికారులు ఈ నిషేధం పరిధిలోకి రారు. వాళ్ల విషయంలో ఇదే సాంకేతికతను ‘అధిక ప్రమాదం’ జాబితాలో చేర్చి, షరతులతో వదిలేశారు. కార్యాలయంలో నమ్మదగనిది సరిహద్దులో ఎలా నమ్మదగినది అవుతుందో పీఠికలో చెప్పలేదు.