ప్రకటనలు ఆపితే చాలు, సెన్సార్ అక్కర్లేదు

ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, కొత్త పథకం మొదలైన రోజు పేపర్ తెరిస్తే అసలు మొదటి పేజీ కనపడదు, దాని మీద ఇంకో పేజీ కప్పేసి ఉంటుంది. జాకెట్ యాడ్ అంటారు దాన్ని. ముఖ్యమంత్రి నిలువెత్తు ఫొటో, పక్కన మంత్రుల వరస, మధ్యలో పెద్ద అక్షరాల్లో పథకం పేరు, అట్టడుగున సమాచార పౌర సంబంధాల శాఖ పేరు. ఆ పథకానికి ఎవరు అర్హులు, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, ఆఖరు తేదీ ఎప్పుడు అన్నవి మాత్రం చాలాసార్లు వెతికినా దొరకవు. ఆ పేజీకి డబ్బు కట్టింది మనమే.

మీడియా పక్షపాతం గురించి మనం రోజూ కొట్టుకుంటాం. ఫలానా చానల్ ఫలానా పార్టీది, ఈ పేపర్ వాళ్లది, ఆ యాంకర్ వీళ్ల మనిషి అని. అందులో నిజం ఉండొచ్చు. కానీ యజమాని ఎవరో తెలుసుకుని ఊరుకుంటే సగమే తెలిసినట్టు, ఆ సంస్థకు నెలనెలా డబ్బు ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడాలి. ఈ దేశంలో పత్రికలను నేరుగా నిషేధించడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాల్లో చాలావాటిని కోర్టులు కొట్టేశాయి, డబ్బుతో లొంగదీసుకునే పద్ధతి మాత్రం ఇప్పటికీ దర్జాగా నడుస్తోంది. అది ఎలా పెరిగిందో తెలియాలంటే మొదటినుంచీ రావాలి.

1780 జనవరిలో కలకత్తాలో జేమ్స్ హికీ అనే తెల్లవాడు బెంగాల్ గెజెట్ పెట్టాడు, మన దేశంలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక అదే. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ని, ఈస్టిండియా కంపెనీ పెద్దలని వదలకుండా రాసేవాడు. ఆ ఏడాది నవంబరులో కంపెనీ ప్రభుత్వం ఏం చేసిందంటే, అతని పత్రికను పోస్టులో పంపడానికి వీల్లేదని ఆర్డర్ వేసింది. అదే నెలలో పుట్టిన పోటీ పత్రిక ఇండియా గెజెట్‌కి మాత్రం పోస్టల్ రాయితీ ఇచ్చింది. అరెస్టు, పరువు నష్టం కేసులు, జైలు, చివరికి 1782లో అచ్చు సామాన్ల జప్తు, ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. అంటే ఈ దేశంలో పత్రిక మీద ప్రభుత్వం విసిరిన మొట్టమొదటి రాయి డబ్బు సంబంధమైనదే, నచ్చినవాడికి సౌకర్యం ఇచ్చి నచ్చనివాడికి కోత పెట్టడం.

ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లు తెల్లవాళ్లు ఎక్కువగా చట్టాలనే నమ్ముకున్నారు. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం ఇంగ్లిష్ పత్రికలను వదిలేసి మన భాషల వాటినే పట్టుకుంది. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసిన రాతకి గాడిచర్ల హరిసర్వోత్తమరావుకి మూడేళ్ల జైలు పడింది. 1910 ప్రెస్ చట్టం వచ్చాక పత్రిక నడపాలంటే ముందే పూచీకత్తు డబ్బు కట్టాల్సిన పరిస్థితి, ప్రభుత్వానికి నచ్చని మాట రాస్తే ఆ డబ్బు పోయేది. చిన్న పత్రికలు చాలావరకు ఈ దెబ్బకే భయపడ్డాయి, ఎడిటర్ జైలుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నా ప్రెస్సు యజమాని పూచీకత్తు పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉండడు కదా.

రాజ్యాంగం వచ్చి ఆరు నెలలు కూడా కాకముందే మొదటి పెద్ద కేసు మన మద్రాసు రాష్ట్రం నుంచే వెళ్లింది, అప్పటికి ఆంధ్ర ప్రాంతం అందులోనే ఉండేది. బొంబాయి నుంచి వచ్చే క్రాస్ రోడ్స్ అనే వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వనంది. ఆ పత్రిక ఎడిటర్ రమేశ్ థాపర్ వేసిన కేసులో 1950 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే కేంద్రం మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, భావప్రకటన స్వేచ్ఛ మీద పెట్టగలిగే ఆంక్షల జాబితాలో శాంతిభద్రతలను, ఇంకో రెండు కారణాలను చేర్చింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, జైళ్లకెళ్లి వచ్చిన నాయకులు, ఏడాదిన్నరకే ఆ హక్కుని తగ్గించారు.

అక్కడినుంచి అసలు కథ కాగితం చుట్టూ తిరిగింది. న్యూస్‌ప్రింట్ చాలావరకు విదేశాల నుంచే రావాలి, దిగుమతికి ప్రభుత్వం కోటా ఇవ్వాలి. ముందు ధరను బట్టి పేజీలెన్ని ఉండాలో ప్రభుత్వమే నిర్ణయిస్తూ 1956లో చట్టం, 1960లో ఉత్తర్వు తెచ్చారు, సకాల్ పత్రిక కోర్టుకెక్కితే 1961లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. తర్వాత 1972-73 న్యూస్‌ప్రింట్ విధానంలో పది పేజీలు దాటకూడదన్నారు, టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రచురణ సంస్థ బెనెట్ కోల్‌మన్ వేసిన కేసులో అదీ పోయింది. రెండుసార్లూ ప్రభుత్వం చెప్పిన కారణం చిన్న పత్రికలను కాపాడతామని. ఆ కారణం పూర్తిగా అబద్ధమని నేను అనను, పెద్ద సంస్థల గుత్తాధిపత్యం నిజమైన సమస్యే. కానీ ఎవరికెంత కాగితమో నిర్ణయించే పెన్ను మంత్రి చేతిలో ఉన్నప్పుడు ఆ మంత్రి మీద ఎడిటోరియల్ రాసేవాడి చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ. ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు, తెల్లారేసరికి చాలా పేపర్లు రాలేదు. ఆ తర్వాత సెన్సార్ అధికారి సంతకం లేకుండా వార్త వేయకూడదు. 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఎడిటోరియల్ చోటును తెల్లగా వదిలేసింది. ఈ ఘట్టాలు అందరికీ తెలుసు, ప్రతి జూన్‌లో గుర్తుచేసుకుంటాం. ప్రెస్ కౌన్సిల్‌ని రద్దు చేయడం, నాలుగు వార్తా సంస్థలను కలిపేసి సమాచార్ అని ఒకటే చేయడం కూడా కొందరికి గుర్తుండొచ్చు.

ఎవరూ అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. పత్రికలను అనుకూలం, తటస్థం, వ్యతిరేకం అని మూడు రకాలుగా విడదీసి జాబితాలు రాసుకుని, కేంద్ర ప్రకటనల సంస్థ డీఏవీపీ నుంచి వెళ్లే యాడ్లను ఆ జాబితా చూసి ఇచ్చారు. ఎమర్జెన్సీ పోయాక వేసిన షా కమిషన్ విచారణ, జనతా ప్రభుత్వం 1977లో తెచ్చిన శ్వేతపత్రం వల్ల ఇది బయటపడింది. సెన్సార్ 1977లో ఎత్తేశారు. ఆ జాబితా రాసుకునే అలవాటు మాత్రం పోలేదని నా గట్టి నమ్మకం, ఇప్పుడు కాగితం మీద రాయరు, అంతే.

ఈ విషయంలో మన హైకోర్టు చాలా ముందే ఒక మంచి మాట చెప్పింది, దాన్ని గుర్తుచేసేవాళ్లే లేరు. ఈనాడు ప్రచురణ సంస్థ ఉషోదయ పబ్లికేషన్స్ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద ప్రకటనల విషయంలో వేసిన కేసు 1981 లా రిపోర్టుల్లో ఉంది. ప్రభుత్వ ప్రకటన అనేది ప్రజలకు సమాచారం చేరడానికి, ఒక పత్రికను మెచ్చుకోవడానికో ఇంకొకదాని నోరు నొక్కడానికో ఆ నిధులను వాడకూడదన్నది ఆ తీర్పు సారాంశం. నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఏ పార్టీ ముఖ్యమంత్రి దీన్ని నిష్ఠగా పాటించాడని అడిగితే నాకు ఒక్క పేరూ తట్టదు.

ఎందుకు పాటించరంటే, దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. లెక్క ఎలా ఉంటుందో చూడండి. సర్క్యులేషన్‌ని బట్టి పత్రికకు రేటు ఖరారవుతుంది, ఎంత చోటు వాడితే అంత. శాఖ నుంచి యాడ్ వేయమని రిలీజ్ ఆర్డర్ వస్తుంది, యాడ్ వేస్తారు, బిల్లు పెడతారు, తర్వాత ఎదురుచూస్తారు. ఇందులో ప్రభుత్వం రెండుచోట్ల బిగించొచ్చు. రిలీజ్ ఆర్డర్ ఇవ్వకపోవడం ఒకటి, పాత బిల్లులు పెండింగ్‌లో పెట్టడం ఇంకొకటి. రెండో దెబ్బే గట్టిది, ఎందుకంటే పత్రిక అప్పటికే కాగితం, సిరా, జీతాలు అన్నీ ఖర్చుపెట్టేసింది, ఆ డబ్బు రావాలంటే అదే ఆఫీసు చుట్టూ తిరగాలి. పాఠకుడిచ్చే పేపర్ ధరతో అచ్చు ఖర్చు కూడా రాదు కాబట్టి, ప్రైవేటు యాడ్లు తక్కువుండే చిన్న పట్టణాల పత్రికకు ప్రభుత్వ ప్రకటనే అన్నం ముద్ద. జిల్లా ఎడిషన్లలో పనిచేసే కంట్రిబ్యూటర్ల సంగతి ఇంకా ఘోరం, చాలామందికి సరైన జీతం ఉండదు కానీ వార్షికోత్సవ సంచికకు, పండగ సంచికకు యాడ్ టార్గెట్ ఉంటుంది. పొద్దున ఎమ్మెల్యే దగ్గర యాడ్ అడిగిన మనిషి సాయంత్రం అదే ఎమ్మెల్యే ఇసుక దందా మీద వార్త రాయాలి. రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ధైర్యవంతులు దొరికితేనే నడిచే పద్ధతి మంచి పద్ధతి అవదు.

కేసు పెడితే, నిషేధిస్తే ఒక కాగితం ఉంటుంది. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లొచ్చు, కోర్టు భావప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం చూస్తుంది. యాడ్ ఆపితే కాగితమే ఉండదు. బడ్జెట్ లేదంటారు, పరిశీలనలో ఉందంటారు, అంతటితో సరి.

కాగితం రాసినప్పుడు ఏమైందో మన రాష్ట్రంలోనే చూశాం. తప్పుడు వార్తలు రాస్తే కేసులు పెట్టడానికి 2007లో వైఎస్ ప్రభుత్వం జీవో 938 తెచ్చి నిరసనలకు వెనక్కి తగ్గింది, 2019లో జగన్ ప్రభుత్వం జీవో 2430 తెచ్చి అధికారులకు అలాంటి అధికారమే ఇచ్చింది, రెండింటి మీదా పెద్ద గొడవే జరిగింది. కాగితం లేనప్పుడు? 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో రాకుండా పోయాయి. 2016లో కాపు నేత ముద్రగడ దీక్ష సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ ఆగిపోయింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే అక్కడే మళ్లీ కొన్ని న్యూస్ చానళ్లు కనపడలేదు. తెలంగాణలో అప్పుడు టీఆర్‌ఎస్ ఏలుబడి, ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ తెలుగుదేశం ఏలుబడి. మన వాళ్ల చానల్ ఆగితే పౌరహక్కులు, ఎదుటివాళ్లది ఆగితే తగిన శాస్తి అనుకునే మన తీరు కూడా ఇందులో భాగమే, ఇది మొహమాటం లేకుండా చెప్పుకోవాలి.

పత్రిక కొనడానికి వాలంటీర్లకు నెలకు 200 రూపాయలు ఇవ్వాలని జగన్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఈ కథలో ఒక కొత్త మలుపు. ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షికి లాభం చేయడానికే ఇది అని ఈనాడు యాజమాన్యం కోర్టుకెళ్లింది, సుప్రీంకోర్టు 2023లో ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. యాడ్లకు లెక్క ఉంటుంది, రేటు ఉంటుంది. ఖజానా డబ్బుతో చందాదారులనే తయారుచేస్తే సర్క్యులేషన్ పెరుగుతుంది, సర్క్యులేషన్ పెరిగితే యాడ్ రేటూ పెరుగుతుంది. ఒక్క ఖర్చుకి రెండు లాభాలు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. 2019లో ప్రకటనలు ఆపేసినందుకు నిరసనగా శ్రీనగర్‌లో గ్రేటర్ కశ్మీర్, కశ్మీర్ రీడర్ సహా పత్రికలు మార్చి 10న మొదటి పేజీని ఖాళీగా వేశాయి. అదే ఏడాది మూడు పెద్ద ఇంగ్లిష్ పత్రికల గ్రూపులకు కేంద్రం యాడ్లు ఆపేసిందని లోక్‌సభలో కాంగ్రెస్ లేవనెత్తింది, అధికార పక్షం కాదంది. మొత్తాలు చిన్నవేం కావు, 2014 నుంచి 2022 డిసెంబరు మొదటి వారం దాకా ప్రకటనల మీద 6,491 కోట్ల రూపాయలు ఖర్చయిందని కేంద్రమే లోక్‌సభకు చెప్పింది, అందులో సగం పైచిలుకు టీవీ, రేడియో లాంటి వాటికి, మిగతాది పత్రికలకు. రాష్ట్రాలు పెట్టే ఖర్చు దీనికి అదనం.

సుప్రీంకోర్టు దీన్ని ఒకసారి పట్టించుకుంది. కామన్ కాజ్ సంస్థ వేసిన పిటిషన్‌లో, మాధవ మీనన్ కమిటీ సిఫార్సులు చూసి 2015 మేలో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన నిష్పాక్షికంగా ఉండాలి, పార్టీ ప్రచారం చేయకూడదు, పత్రికలకు సమానంగా పంచాలి, రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప ఇంకెవరివీ వేయకూడదు. రాష్ట్రాలు ఊరుకుంటాయా, తీర్పును మళ్లీ చూడమని రివ్యూ పిటిషన్లు వేశాయి, 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, మంత్రులు, గవర్నర్ల ఫొటోలకూ ఓకే అయిపోయింది. ఈ నియమాలు పాటిస్తున్నారో లేదో చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ అయితే ఏర్పడింది. నా ఉద్దేశంలో అందరూ ఫొటోల దగ్గరే ఆగిపోయి, అంతకంటే ముఖ్యమైన సమాన పంపకం మాటను గాలికొదిలేశారు.

ఇప్పుడు డబ్బు ఫోన్లలోకి వచ్చింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన డిజిటల్ మీడియా విధానంలో ప్రభుత్వ పథకాలను ప్రచారం చేసే యూట్యూబర్లకు నెలకు 8 లక్షల దాకా ఇవ్వొచ్చని ఉంది, దేశ వ్యతిరేక పోస్టులు పెడితే చర్యలని కూడా ఆ విధానంలోనే ఉంది. డబ్బు, భయం ఒకే కాగితంలో పెట్టడం ఇంత బాహాటంగా నేనెప్పుడూ చూడలేదు. పత్రికకు కనీసం ఎడిటర్, లాయర్, ప్రెస్ కౌన్సిల్ ఉంటాయి. ఒంటరిగా వీడియోలు చేసుకునే కుర్రాడికి ఏముంటుంది?

ప్రభుత్వ ప్రకటనలే వద్దని నేననను, టెండర్లు, ఉద్యోగ నోటిఫికేషన్లు, టీకాల తేదీలు జనానికి తెలియాలి. పంచే పద్ధతి మాత్రం మనిషి ఇష్టం మీద ఉండకూడదు. అది సాధ్యమే, 2016లో డీఏవీపీ పత్రికలకు సర్క్యులేషన్, ఉద్యోగుల పీఎఫ్, పేజీల సంఖ్య లాంటివి చూసి 100 మార్కుల పద్ధతి పెట్టింది. రాష్ట్రాలూ అలాంటిది పెట్టి, ఏ పత్రికకు, ఏ చానల్‌కు, ఏ యూట్యూబర్‌కు ఎంత ఇచ్చారో, ఎవరి బిల్లు ఎన్నాళ్లుగా పెండింగ్‌లో ఉందో మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఎవరూ అడగకముందే ఖర్చుల వివరాలు బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. అది అమలయ్యేదాకా ప్రతి జిల్లా నుంచి ఎవరో ఒకరు పది రూపాయల ఫీజు కట్టి, మీ శాఖ గత ఏడాది ఇచ్చిన ప్రకటనల జాబితా పత్రికలవారీగా ఇవ్వండని దరఖాస్తు పెడుతూనే ఉండాలి.