వెన్న కరగడం వేరు, ఉప్పు కరగడం వేరు

తెలుగులో ఒక చిన్న చిక్కుంది. పెనం మీద వెన్నా కరుగుతుంది, నీళ్లలో ఉప్పూ కరుగుతుంది. మాట ఒకటే గానీ జరిగే పని వేరు. వెన్నకు కాస్త వేడి తగిలితే చాలు. ఉప్పును ఒట్టిగా వేడి చేసి కరిగించాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి, మన వంటింటి పొయ్యితో అయ్యే పని కాదు. అదే ఉప్పు నీళ్లలో వేసి తిప్పితే ఇట్టే కనపడకుండా పోతుంది.

ఉప్పు పలుకులో సోడియం, క్లోరైడు అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఉంటాయి. ఒకదానిది ధనావేశం, రెండోదానిది ఋణావేశం కాబట్టి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. నీటి అణువుకూ ఒక పక్క కొంచెం ధనం, ఇంకో పక్క కొంచెం ఋణం. ఈ అణువులు పలుకు చుట్టూ మూగి, అంచుల్లో ఉన్న అయాన్లను ఒక్కొక్కటిగా ఊడదీసి తమలో కలుపుకుంటాయి. నూనెకు ఇలాంటి పక్కలు లేవు. అందుకే నెల్లూరు చేపల పులుసులో ఎంత తిప్పినా అది విడిగానే ఉంటుంది. (పైకి తేలడం మాత్రం తేలిక కాబట్టి. అది ఇంకో సంగతి.)

కరగడం కంటితో చూడొచ్చు. ఒక పటికబెల్లం పలుకును దారానికి కట్టి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైపైన మునిగేలా వేలాడదీయండి. కదపకండి. గ్లాసును కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, పలుకు అడుగు నుంచి సన్నటి వంకర గీతలు కిందికి జారుతుంటాయి. ఎండాకాలం తారురోడ్డు మీద గాలి అల్లాడుతుందే, అలాగ. చక్కెర కలిసి బరువెక్కిన నీళ్లే ఆ గీతలు.

ఎంతైనా కరుగుతుందా? లేదు. మామూలు వేడిమిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు సుమారు 36 గ్రాముల ఉప్పు పట్టుకుంటాయి. ఆపైన వేసింది అడుగునే కూర్చుంటుంది. చక్కెరైతే దాదాపు 200 గ్రాములు!

నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు మళ్లలో పని ఈ హద్దు మీదే నడుస్తుంది. సముద్రపు నీళ్లనే తీసుకుంటే లీటరుకు లవణాలన్నీ కలిపి 35 గ్రాములే. ఎండకు పదింట తొమ్మిది వంతుల నీళ్లు ఆవిరైతే గానీ ఉప్పు పలుకు కట్టదు. మెగ్నీషియం లవణాలు ఇంకా తేలిగ్గా కరుగుతాయి కాబట్టి చివరిదాకా నీళ్లలోనే ఉండిపోతాయి, ఆ మిగిలిన నీళ్లు చేదు. పంట చేతికొచ్చే వేళ అకాల వానొస్తే, తయారైన ఉప్పు మళ్లీ కరిగి కష్టమంతా నీళ్లపాలే.

ఆంధ్రప్రదేశ్‌లోనే కనిగిరి వైపు బోరు నీళ్ల కథ ఇంకోటి. చూడ్డానికి తేటగా ఉంటాయి, కానీ భూమిలోని రాళ్ల నుంచి ఫ్లోరైడు కరిగి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు పాడవుతాయి. గుడ్డతో వడగడితే ఫ్లోరైడు నీళ్లతోపాటే దిగిపోతుంది. కాచితే నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడు తగ్గదు, గిన్నెలో మిగిలినవి ఇంకాస్త చిక్కనవుతాయి. నీటిని సన్నటి పొర గుండా ఒత్తి పంపే ఆర్వో యంత్రమైతే దాన్ని చాలావరకు ఆపుతుంది.