షట్టర్ల టీవీ పెట్టె సంగతి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు, మన హాల్లో మూలనున్న నాలుగు కాళ్ల చెక్క పెట్టెను చూసి, టీవీకి తలుపులెందుకని మీరు అడిగారు. బయలుదేరే హడావుడిలో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు కొత్త ఫ్లాటులో టీవీ బయటికి కనపడకుండా చెక్కపని చేయించాలని మీ అమ్మానాన్నలు అనుకుంటున్నారని తెలిసింది కాబట్టి, కాస్త వివరంగా రాస్తున్నాను.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తొలి ఏళ్లలో ప్రసారాలు సాయంత్రం కొన్ని గంటలే ఉండేవి. మిగిలిన పొద్దంతా టీవీకి పనిలేదు. వీధి మొత్తానికి ఒకటి రెండు ఇళ్లలో మాత్రమే ఉండే ఖరీదైన వస్తువు కనుక, దుమ్ము పడకుండా, పసిపిల్లల చేయి తగలకుండా మూసి ఉంచేవారు. దుమ్ము భయం ఉత్తిది కాదు. పిక్చర్ ట్యూబు పనిచేయడానికి పదివేల వోల్టులకు పైగా కావాలి. అందువల్ల తెర అద్దం మీద స్థిర విద్యుత్తు చేరి, గాలిలోని ధూళిని తనవైపు లాక్కునేది. టీవీ పెట్టిన వెంటనే అద్దం దగ్గరికి చేయి తీసుకువెళితే, ముంజేతి మీది వెంట్రుకలు లేచి నిలబడేవి. మన పెట్టెకు తాళం కూడా ఉంది. మీ నాన్న పరీక్షల నెలలో ఆ తాళంచెవి మీ నానమ్మ బొడ్డులోనే ఉండేది.

ఇక మీరు తలుపులన్న ఆ షట్టరు సంగతి. అది తలుపులా రెక్క తెరుచుకోదు, పక్కకు జరిగి మాయమవుతుంది. వేలెడు వెడల్పున్న సన్నని చెక్క పట్టీలను నిలువుగా పక్కపక్కనే పేర్చి, వెనుక మందపాటి కాన్వాసు గుడ్డ అంటిస్తారు. పట్టీల రెండు కొసల్లోనూ గుడ్డ లేకుండా కొంత వదిలి, ఆ కొసలను పైనా కిందా తవ్విన గాడిలో దించుతారు. గాడి ముందువైపు తిన్నగా వచ్చి, మూల దగ్గర గుండ్రంగా తిరిగి, పెట్టె పక్క గోడ వెంబడి లోపలికి పోతుంది. ఆ మలుపు ఎంత విశాలంగా ఉంటే షట్టరు అంత హాయిగా నడుస్తుంది. మలుపు బిగువుగా ఉంటే పట్టీలు ఒకదానికొకటి ఒరుసుకుని మధ్యలో ఆగిపోతాయి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి, పట్టీల కొసలు గాడిలో కాస్త వదులుగా ఆడేలా ఉంచాలి. వడ్రంగం చేసిన రోజుల్లో షట్టరు పట్టేసిందని నన్ను పిలిచిన ఇళ్లలో, ఎక్కువ చోట్ల కొవ్వొత్తి మైనాన్ని గాడిలో రుద్దితే సరిపోయేది.

ఇప్పటి టీవీకి ఆ పని ఎందుకు అంత సులువుగా కుదరదో ఆలోచించండి. పాత ట్యూబు ముందు వెడల్పుగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడేది. దానికోసం పెట్టె లోతు ఎలాగూ మూరెడు ఉండాలి. ట్యూబు సన్నబడిన చోట పక్కన మిగిలిన ఖాళీలో షట్టరు దాక్కునేది. 43 అంగుళాల కొత్త టీవీ తెర దాదాపు 95 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే ఒక్కో షట్టరు అర మీటరు దాకా ఉండాలి. గోడకు ఆనించిన జానెడు లోతు అరలో అది పట్టదు. అందుకే గాడిని మరోసారి మలిపి, షట్టరును టీవీ వెనుకకు నడిపించాలి. లేదా ముందువైపు మడత తలుపులు పెట్టుకోవాలి. నా ఓటు షట్టరుకే. మడత తలుపులు తెరిస్తే గదిలోకి పొడుచుకు వచ్చి, నడిచేవారి మోకాళ్లకు తగులుతాయి.

రెండు విషయాల్లో మాత్రం మేస్త్రీ మాట మీద వదిలేయవద్దని నాన్నకు చెప్పండి. మొదటిది గాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో అందం చెడుతుందని అరకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. సెట్‌టాప్ బాక్సు ఆ వేడికి మాడి, ఒక్క ఎండాకాలంలోనే పాడైపోయింది. కింద చల్లగాలి లోపలికి రావడానికి, పైన వేడిగాలి పోవడానికి దారులుండాలి. రెండోది రిమోటు. కంటికి కనపడని పరారుణ కాంతితో పనిచేసే రిమోటు చెక్కను దాటి పోలేదు. బాక్సును మూసిన అరలో పెడితే, ముందువైపు స్పీకర్లకు వేసేలాంటి పలుచని గుడ్డ గానీ గాజు గానీ అమర్చాలి.

మన పెట్టె కుడి షట్టరుకు రెండు పట్టీల మధ్య కాన్వాసు చిరిగింది. దసరాకు మీరు వచ్చేసరికి గుడ్డ, ఫెవికాల్ తెప్పించి ఉంచుతాను. జిగురు రాత్రంతా బరువు కింద ఆరాలి కాబట్టి, ఈసారి కనీసం రెండు రోజులైనా ఉండేలా రండి.

మీ తాతయ్య