కొత్త సిస్టమ్ కొన్నారు సరే, పాత డేటా తెరుచుకుంటుందా?

విజయవాడ గవర్నర్‌పేట ఆఫీసుల్లో, ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపుల్లో, గుంటూరు మిర్చి కమీషన్ కొట్లలో సిస్టమ్‌లు చూసే పని నాది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి "మార్చాలా, వద్దా?" అని ఒకటే ఫోన్లు. సిస్టమ్ గురించి ఇంతగా అడిగేవాళ్లు డేటా ఊసే ఎత్తరు. నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: బాగానే నడుస్తోందిగా, మార్చడం దేనికి?

నడుస్తుంది. సపోర్ట్ ఆగితే ఆగేది సిస్టమ్ కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకోని సిస్టమ్‌లు దొరికిపోయాయి. నెట్‌వర్క్‌లో ఒకదానికి అంటుకుంటే, ఎవరూ ఏమీ నొక్కకుండానే పక్కదానికి పాకేది. కృష్ణా, గుంటూరు జిల్లాలతో సహా ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలింది.

అపోహ: అప్‌గ్రేడ్ అంటే అన్నీ తీసేసి కొత్తవి కొనడమే

కొందరు అలాగే అమ్ముతారు. విండోస్ 11కి టీపీఎం 2.0 (డేటా తాళాలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపైవి. "టీపీఎం లేదు" అని వచ్చినంత మాత్రాన సిస్టమ్ పనికిరాదని కాదు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (విండోస్ మొదలయ్యేముందు తెరిచే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతకండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం రికవరీ కీ చేతిలో పెట్టుకున్నాకే బయోస్ జోలికి వెళ్లండి.

స్లోగా ఉందనే బాధకు చాలాసార్లు పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేస్తే సరిపోతుంది. అర్హత లేని సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించే చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. బిల్లింగ్ సిస్టమ్‌లో నేను వేయను. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

అపోహ: బ్యాకప్ ఉంది సార్, డి డ్రైవ్‌లో

సి, డి చాలా సిస్టమ్‌లలో ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. డిస్క్ పోతే రెండూ పోతాయి. "అయితే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది" అంటారు. చూస్తే అది ఇరవై నాలుగు గంటలూ సీపీయూకే గుచ్చి ఉంటుంది. రాన్సమ్‌వేర్ వస్తే దాన్నీ వదలదు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ కూడా ఒక్కటే ఆధారంగా సరిపోవు. ఇక్కడ ఫైలు చెడితే చెడిందే అక్కడికీ వెళ్తుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లపాటు ఉంటాయి, కానీ మీరు ఆలోగా గమనించాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. టేబుల్ కింద సీపీయూ, అదే టేబుల్ డ్రాయర్‌లో బ్యాకప్ డిస్క్. రెండూ ఒకే నీళ్లలో నానాయి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊళ్లో ఇంకో వైపు అని పట్టుబడతాను. రెండు డిస్క్‌లు కొని వారం వారం మార్చండి. కాపీ అవ్వగానే డిస్క్ ఊడదీయండి. ఒకటి ఆఫీసులో, ఇంకోటి ఓనరు ఇంట్లో. ఆ ఇల్లు షాపు మీదే అయితే లెక్కలోకి రాదు.

అసలు పరీక్ష రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తేవడం. బ్యాకప్ తీస్తున్నామని చెప్పే గుమాస్తాను, వేరే కంప్యూటర్‌లో దాన్ని తెరిచి పోయిన శనివారం డే బుక్ చూపించమంటాను. ఎక్కువమంది అప్పటిదాకా ఒక్కసారి కూడా చేసి ఉండరు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో రీస్టోర్‌కి వేరే ఫోల్డర్ ఇవ్వండి. అసలు ఫోల్డర్ ఇస్తే ఈరోజు లెక్కల మీద పాతవి వచ్చి కూర్చుంటాయి. టాలీ కొత్త వెర్షన్‌కి మారేముందు పాత డేటా కాపీ ఒకటి కదపకుండా పక్కన పెట్టండి. మార్చిన డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. టాలీ డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే తీసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంతకాలం అవి తెరుచుకోవాలి కూడా.

అపోహ: యాంటీవైరస్ ఉంది, టెన్షన్ లేదు

క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఆ యాంటీవైరస్‌నే ఆపేస్తారు, ఇక ఏం లాభం? ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ (బయటి నుంచి సిస్టమ్‌లోకి వచ్చే దారి) 3389 తెరిచి పెట్టడం ఇంకో ప్రమాదం. అది మూయించి వీపీఎన్ (తాళం వేసిన ప్రైవేట్ దారి) పెట్టించండి.

అపోహ: మాది చిన్న కొట్టు, మా మీద ఎవరికి కన్ను?

మీ కొట్టు పేరు వాళ్లకు తెలియదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని ప్రోగ్రాములే జల్లెడ పడతాయి.

అపోహ: ఫార్మాట్ కొట్టి పాతది అమ్మేయొచ్చు

క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిదే. హార్డ్ డిస్క్ అయితే పూర్తిగా ఓవర్‌రైట్ చేయాలి. ఎస్ఎస్‌డీకి కంపెనీ వాళ్ల సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడాలి. ఓపిక లేదంటారా, డిస్క్ ఊడదీసుకుని మిగతాది అమ్మండి. ఖాతాదారుల ఆధార్ కాపీలు, బ్యాంక్ చెక్కుల ఫొటోలు అందులోనే ఉన్నాయి మరి.

అపోహ: వైరస్ వస్తే వెంటనే ఫార్మాట్ కొట్టేయాలి

ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. తెర మీద కనిపించే బెదిరింపు సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇలాంటి దాడులను గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది. లాక్ అయిన ఫైళ్లున్న డిస్క్‌ను చెరపకుండా తీసి దాచండి. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళం తీసే టూల్స్ నో మోర్ రాన్సమ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇవాళ లేనిది కొన్నాళ్లకు రావచ్చు.