రీకాల్ కబురు ఎవరింటికి పోతుంది?

'ఫలానా కంపెనీ బండ్లను వెనక్కి పిలిచింది' అని పేపర్లో పడితే తిరుపతిలో మొదట వినబడే ప్రశ్న, డబ్బులు వాపసు ఇస్తారా అని. 'వెనక్కి' అన్న మాట తెచ్చిన తిప్పలివి. జరిగేది చిన్న పనే. ఫలానా తేదీల మధ్య తయారైన బండ్లలో ఒక పార్టు తేడాగా ఉందని కంపెనీ ఒప్పుకుంటుంది. షోరూముకు తీసుకెళ్తే పైసా తీసుకోకుండా సరిచేసి ఇస్తుంది. వారంటీ ఉందా, అయిపోయిందా అన్న పేచీ ఉండకూడదు.

ఆ ఒప్పుకోవడమే మన దగ్గర ఆలస్యంగా మొదలైంది. అమెరికాలో వాహన భద్రత చట్టం 1966లోనే వచ్చింది. ఇక్కడ 2012 జులైలో తయారీదారుల సంఘం 'సియామ్' తన సభ్యుల కోసం ఒక నియమావళి రాసుకుంది. పాటించకపోతే అడిగే నాథుడు లేడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తుంది. కంపెనీ తనంతట తాను ముందుకొస్తే జరిమానా లేదు. ప్రభుత్వం ఆదేశించాల్సి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా పడుతుంది. ఇంకో సంగతి: మరమ్మతు చేయడమో, వేరే బండి ఇవ్వడమో, పూర్తి ధర చెల్లించడమో అని ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే డబ్బుల ప్రశ్న అడిగినవాడు మరీ అమాయకుడేం కాదు.

2021 మే నెలలోనే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ లోపంతో 2,36,966 బండ్లకు రీకాల్ ప్రకటించింది. మరుసటి వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాక ఒకినావా 3,215, ఓలా 1,441 బండ్లను పిలిపించాయి. 2024 ఫిబ్రవరిలో యమహా దాదాపు 3 లక్షల 125 సీసీ స్కూటర్లకు బ్రేక్ లివర్ విషయంలో పిలుపునిచ్చింది. బ్రేక్ లివరే కదా అని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి తిరుమల నుంచి స్కూటర్ మీద దిగి చూడాలి. 1944లో వేసిన ఆ మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో గేర్లు లేని బండికి చాలావరకు బ్రేకులే దిక్కు.

మన జిల్లాకు బండ్లు కొత్త కాదు. సత్యవేడు మండలం మాదనపాళెంలో హీరో ఫ్యాక్టరీయే ఉంది. కానీ షోరూములో కొన్న బండి అక్కడే సర్వీసింగ్‌కు వెళ్లేది ఫ్రీ సర్వీసులు అయ్యేదాకానే. తర్వాత వీధి చివర షెడ్డే గతి. ఈలోగా బండి చేతులు మారుతుంది, ఆర్సీ మారదు. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు చెప్పాలని చట్టంలో ఉంది. మనవాళ్లు పేరు మార్పిడికి సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు డిక్కీలో పడేసుకుని ఏళ్లు తిరుగుతారు. రీకాల్ కబురు మాత్రం రికార్డులో ఉన్న మొదటి ఫోను నంబరుకే పోతుంది. నా లెక్కన మన రీకాల్ పద్ధతిలో అసలు చిల్లు చట్టంలో లేదు, ఈ డిక్కీలో ఉంది.

పోయిన నెల మా షెడ్డులో ఒకబ్బాయి బండి చూశాం. కంపెనీ పేరు ఎందుకులే. మూడో చేతి బండి, ఆర్సీ పీలేరులో ఎవరి పేరు మీదో ఉంది. మెకానిక్ అన్న గుడ్డతో హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీది గ్రీజు తుడిచి, సెల్ లైటు వేసి, 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఒక్కొక్కటే చదివాడు. అబ్బాయి కంపెనీ సైటులో కొట్టాడు. ఒక పార్టు మార్చడం పెండింగ్ అని వచ్చింది.

షోరూములో అడిగితే మూడుసార్లు మెసేజ్ పెట్టాం అన్నారు. పీలేరు నంబరుకు. అబ్బాయి అక్కడే నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్.