ఆయాసానికి కొలత: బొగ్గు గని నుంచి పన్నెండు వాక్యాల దాకా

"ఆయాసం ఎలా ఉంది?" అని డాక్టరు అడుగుతారు. "పరవాలేదండీ, తగ్గింది" అంటాడు ఏళ్ల తరబడి సీఓపీడీతో, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బుతో ఉన్న మనిషి. పక్కన కూర్చున్న భార్య ఊరుకోదు. మేడ ఎక్కడం మానేసి ఆరు నెలలైందనీ, స్టూలు మీద కూర్చునే స్నానం చేస్తున్నాడనీ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఒకసారి ఆగుతాడనీ చెబుతుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆయన తనకు తెలుస్తున్న ఆయాసం గురించి చెప్పాడు. ఆ ఆయాసం రాకుండా ఉండేందుకు ఆయన ఏమేం వదులుకున్నాడో ఆవిడ చెప్పింది. వీటిలో దేన్ని కొలవాలన్నది వైద్యంలో పాత చిక్కే.

మొదట కొలిచింది గాలిని. ఇంగ్లండుకు చెందిన జాన్ హచిన్సన్ అనే సర్జన్ 1846లో స్పైరోమీటరును లోకానికి పరిచయం చేశాడు. నీళ్లలో బోర్లించిన గంట లాంటి పాత్ర అది. గొట్టంలోకి ఊదితే పైకి లేస్తుంది. రెండు వేల మందికి పైగా మనుషుల చేత అందులోకి ఊదించి, నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే ఎంత గాలి వస్తుందో లెక్కగట్టాడు. 1947లో ఫ్రాన్సులో టిఫెనో, పినెల్లీ మరో మెట్టు ఎక్కారు. మొత్తం గాలితో పాటు, మొదటి సెకనులో ఎంత బయటికి వస్తుందో చూడమన్నారు. నేటికీ పరీక్షల్లో ముఖ్యమైన అంకె అదే. అయితే అది ఊపిరి గొట్టాల ఇరుకుదనాన్ని చెబుతుంది, మనిషి బాధను కాదు. మొదటి సెకను గాలి సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరు రోజూ పనికి వెళ్తుంటే, ఇంకొకరు వరండా దాటలేకపోవచ్చు.

ఈ తేడా రెండో ప్రపంచ యుద్ధం తరువాత దక్షిణ వేల్స్‌లో బాగా బయటపడింది. బొగ్గు ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిన గని కార్మికులను పరిశీలించడానికి, ఎంఆర్‌సీ అని పిలిచే బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1945లో కార్డిఫ్ పక్కన ఒక కేంద్రం పెట్టింది. దాని డైరెక్టర్ చార్ల్స్ ఫ్లెచర్. (1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసు రోగికి పెనిసిలిన్ సూది వేసిన యువ డాక్టరు ఈయనే.) ఎక్స్‌రేలో మచ్చలు ఎంత ఉన్నాయన్నదానికీ మనిషి ఎంత రొప్పుతున్నాడన్నదానికీ పొంతన కుదరని చోట పని అది. ఆయాసం ఎంత ఉందో రాయాల్సి వస్తే ఒక డాక్టరు "కొంచెం" అంటారు, మరొకరు "ఓ మోస్తరు" అంటారు. ఎవరి కొంచెం వారిది.

ఫ్లెచర్ ఆ మాటలన్నీ పక్కన పెట్టి నడక గురించి అడిగాడు. 1952లో అచ్చయిన ఆ ప్రశ్నలు తరువాత ఎంఆర్‌సీ ప్రశ్నావళిలో చేరి, అయిదు గ్రేడులుగా స్థిరపడ్డాయి. బాగా శ్రమపడితే తప్ప ఇబ్బంది లేకపోతే ఒకటి. వడిగా నడిచినా, చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం వస్తే రెండు. చదును నేల మీద తన ఈడు వారి కంటే నెమ్మదిగా నడవాల్సి వస్తే, లేదా సొంత నడకలోనే ఆగాల్సి వస్తే మూడు. వంద గజాలకే ఆగితే నాలుగు. ఇల్లు కదలలేకపోతే, బట్టలు వేసుకుంటుంటేనే ఊపిరి అందకపోతే అయిదు.

ఇందులో "తన ఈడు వారు" అన్న మాట నాకు బాగా నచ్చుతుంది. డాక్టరు అంచనాను తప్పించి, రోగి రోజూ చూసే మనుషులనే కొలబద్ద చేసింది. కానీ ఈ ప్రశ్నలను తయారు చేసింది వేలమందిని వరుసగా అడిగి విడదీయడానికి. అందుకే జల్లెడగా భేషుగ్గా పనిచేస్తుంది. ఒకే మనిషిని నెలనెలా తూచే త్రాసుగా వాడబోతేనే చిక్కు. మందు పనిచేసి ఇరవై అడుగులు ఎక్కువ నడిచినా గ్రేడు మారదు.

తరువాత వచ్చిన సవరించిన రూపంలో అవే మెట్లను సున్నా నుంచి నాలుగు దాకా లెక్కపెట్టారు. పాత లెక్కలో మూడు, కొత్త లెక్కలో రెండు. కాగితం మీద "గ్రేడు 2" అని మాత్రమే ఉంటే, అది చిన్న ఎత్తు దగ్గర ఆయాసపడే మనిషో, చదును నేల మీదే వెనకబడిపోయే మనిషో తేలదు.

అనుభూతినే నేరుగా అడుగుదామన్న ఆలోచన మరో దిక్కు నుంచి వచ్చింది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మొదట వ్యాయామంలో శ్రమకు 6 నుంచి 20 దాకా ఒక స్కేలు చేశాడు. ఆ వింత అంకెలకు కారణం ఉంది. పదితో హెచ్చిస్తే దాదాపు గుండె వేగం వస్తుంది. 1982లో ఆయన ప్రచురించిన సున్నా నుంచి పది దాకా ఉన్న స్కేలు ఊపిరి వైద్యుల చేతికి వచ్చింది. సున్నాకూ ఒకటికీ మధ్య అర అంకె ఒకటి పెట్టాడు: అప్పుడే తెలిసీ తెలియనంత ఆయాసం. నడక పరీక్షకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఈ అంకె అడుగుతారు. ఆ నిమిషానికి ఇది నమ్మదగినదే. గడిచిన నెల ఎలా సాగిందో మాత్రం చెప్పదు. 1984లో అమెరికాలో డొనాల్డ్ మాలర్ బృందం ఆ లోటు పూడ్చబోయి, ముందు స్థితిని ఒకసారి నమోదు చేసి, తరువాత ఎంత మారిందని అడిగే పద్ధతి తెచ్చింది. మెరుగైతే కూడిక, దిగజారితే తీసివేత.

ఈ లోగా ఎంఆర్‌సీ గ్రేడులు మూలన పడ్డాయనుకుంటే పొరపాటు. 1999లో బ్రిటన్‌లో వంద మంది సీఓపీడీ రోగులను పరిశీలిస్తే, గ్రేడు పెరిగేకొద్దీ నడవగల దూరం తగ్గింది. మొదటి సెకను గాలికి మాత్రం గ్రేడుతో సంబంధం కనిపించలేదు. 2002లో జపాన్ పరిశోధకులు ఇంకా గట్టి మాట చెప్పారు. అయిదేళ్ల తరువాత ఎవరు బతికి ఉంటారన్నది గాలి అంకె కంటే ఆయాసం గ్రేడే మెరుగ్గా సూచించింది. సీఓపీడీ రోగికి ప్రాణాపాయం ఎంతో అంచనా వేసేందుకు 2004లో వచ్చిన బోడ్ సూచికలో బరువు, గాలి, నడకలతో పాటు ఆయాసానికీ చోటు దొరికింది. 2011 నుంచి సీఓపీడీ వైద్యానికి పలు దేశాల డాక్టర్లు చూసే గోల్డ్ మార్గదర్శకాలు రోగులను గుంపులుగా విడదీసేందుకు సవరించిన గ్రేడు రెండును ఒక గీతగా పెట్టుకున్నాయి. సర్వే కోసం పుట్టిన ప్రశ్న మందుల నిర్ణయం దాకా వచ్చింది.

అయితే ఆయాసం ఒక్కటేనా? ఊపిరి లోపలికి నిండుగా పోకపోవడం వేరు, ఛాతీ బిగదీసినట్టు ఉండటం వేరు, పీల్చడమే బరువైన పని అయిపోవడం వేరు. రొప్పు, ఎగశ్వాస, ఊపిరాడకపోవడం అని తెలుగువాళ్లం వేర్వేరు మాటలు వాడటం ఊరికే కాదు. 1980ల చివర నుంచి పరిశోధకులు రోగుల మాటలను గుంపులు చేయడం మొదలుపెట్టారు. 1999లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం ఇచ్చిన నిర్వచనం ఆయాసాన్ని రకరకాల అనుభూతుల కలయికగా గుర్తించింది. 2010లో బ్రిటన్ నుంచి డిస్నియా-12 అనే ప్రశ్నావళి వచ్చింది (డిస్నియా అంటే వైద్య భాషలో ఆయాసమే). పన్నెండు వాక్యాలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 36. ఏడు వాక్యాలు ఒంట్లో తెలిసే ఇబ్బంది గురించి, అయిదు మనసుకు కలిగే దిగులు, కంగారు గురించి. ఎంత దూరం నడిచారన్న ప్రశ్న ఇందులో ఒక్కటి కూడా లేదు.

మొదట్లో చెప్పిన ఆ మనిషి చేతికి ఈ పన్నెండు వాక్యాలు ఇస్తే తక్కువ మార్కులే రావచ్చు, ఎందుకంటే కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయనకు నిజంగానే ఆయాసం లేదు. ఫ్లెచర్ ప్రశ్నలు అడిగితే, గుండీల దగ్గర అయిదో గ్రేడులో పడతాడు. అది కూడా, జవాబు చెప్పేటప్పుడు భార్య పక్కన ఉంటేనే.