ఒంటారియో స్టాట్ పే: ఇరవైతో భాగించే లెక్క వెనక్కి ఎలా వచ్చింది

లాంగ్ వీకెండ్ అయ్యాక పే స్టబ్ (జీతం చీటీ) రాగానే కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో పార్ట్‌టైమ్ చేసే మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. షిఫ్టు ఎనిమిది గంటలదైతే సెలవు రోజుకు 4.8 గంటల డబ్బే ఎందుకు పడింది? మేనేజర్ కోత పెట్టాడని అనుమానం, టెన్షన్. చాలాసార్లు మేనేజర్ చట్టంలో ఉన్న లెక్కే వేసి ఉంటాడు. ఆ లెక్క ఒకసారి మారింది, ఆరు నెలలకే వెనక్కి వచ్చింది. ఇప్పటి గొడవకు మూలం 2018లోని ఆ ఆరు నెలల్లోనే ఉంది.

కెనడాలో బ్యాంకులు, విమానయానం, టెలికాం వంటి కొన్నింటిని వదిలేస్తే ఉద్యోగుల సెలవులు, జీతాల నిబంధనలు ప్రావిన్సులవే. ఒంటారియోలో ఏడాదికి 9 పబ్లిక్ హాలిడేలు. పార్ట్‌టైమ్ అయినా, స్టూడెంట్ అయినా, చేరి వారమే అయినా ఆ సెలవుకు జీతం వస్తుంది. దాన్నే స్టాట్ పే అంటారు. సెలవుకు ముందు రావాల్సిన షిఫ్టుకీ, తర్వాతి షిఫ్టుకీ సరైన కారణం లేకుండా ఎగ్గొట్టి ఉండకూడదు, అంతే. పేచీ అంతా ఎంత ఇవ్వాలన్న దగ్గరే.

పాత లెక్క ఇది: సెలవు పడిన వారానికి ముందు నాలుగు వారాల మామూలు జీతాన్ని, ఆ కాలానికి రావాల్సిన వెకేషన్ పే (వార్షిక సెలవుల జీతం) ఉంటే దాన్ని కలిపి, 20తో భాగించాలి. నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం ఇరవై. ఐదు రోజులూ పనిచేసేవారికి ఇది సరిగ్గా ఒక రోజు జీతం. వారానికి మూడు షిఫ్టులే ఉన్నా భాగించేది మాత్రం ఇరవైతోనే.

2017 నవంబరులో కాథ్లీన్ విన్ లిబరల్ ప్రభుత్వం బిల్ 148 తెచ్చింది. కనీస వేతనం గంటకు 11.60 డాలర్ల నుంచి 14కు పెరిగిందన్నదే అందరికీ గుర్తు. పార్ట్‌టైమ్ వాళ్లకు అంతే ముఖ్యమైన మార్పు అదే చట్టంలో ఇంకొకటి ఉంది. 2018 జనవరి 1 నుంచి, సెలవుకు ముందు పే పీరియడ్‌లో (ఒక జీతం లెక్కించే కాలంలో) వచ్చిన జీతాన్ని ఆ పీరియడ్‌లో నిజంగా పనిచేసిన రోజుల సంఖ్యతో భాగించాలి. ఆ 14 డాలర్ల మీద వారానికి ఒక్క ఎనిమిది గంటల షిఫ్టు ఉన్న మనిషికి పాత లెక్కలో 1.6 గంటలు, అంటే 22.40 డాలర్లు వస్తే, కొత్త లెక్కలో 112 డాలర్లు వచ్చాయి.

యజమానుల సంఘాలు ఒప్పుకోలేదు. వారానికి ఒక రోజు వచ్చేవారికీ ఐదు రోజులు వచ్చేవారికీ ఒకే మొత్తమా అన్నది వాళ్ల వాదన. సెలవు పడిన రోజున షిఫ్టే లేనివారికి కూడా పూర్తి రోజు డబ్బు ఇవ్వాల్సి వచ్చిన మాట నిజం. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఫ్యామిలీ డే, విక్టోరియా డే, లేబర్ డే, థ్యాంక్స్‌గివింగ్ అన్నీ సోమవారాలే. సోమవారమే పనిచేసే మనిషికి ఆ రోజు కొట్టు మూస్తే వారం సంపాదనంతా పోతుంది. ఆ నష్టాన్ని పూడ్చింది కొత్త లెక్క ఒక్కటే. షిఫ్టు లేనివారి సంగతి కావాలంటే చిన్న సవరణతో సరిదిద్దవచ్చు. ఆ పని ఎవరూ చేయలేదు.

మార్పు తెచ్చిన ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. జూన్ 7న ఎన్నికలు. మే నెలలోనే, ఈ విషయాన్ని సమీక్షిస్తామని, అప్పటిదాకా పాత లెక్కే నడుస్తుందని తాత్కాలిక రెగ్యులేషన్ ఇచ్చింది. అది జూలై 1న, కెనడా డే నాడే అమల్లోకి వచ్చింది. అంటే కొత్త లెక్క నడిచింది న్యూ ఇయర్, ఫ్యామిలీ డే, గుడ్ ఫ్రైడే, విక్టోరియా డే, ఈ నాలుగు సెలవులకే. ఎన్నికల్లో గెలిచిన డగ్ ఫోర్డ్ ప్రభుత్వం నవంబరులో బిల్ 47తో ఇరవై లెక్కను నేరుగా చట్టంలోకి ఎక్కించింది. 2019 జనవరి 1 నుంచి అదే నడుస్తోంది.

క్యూబెక్‌లోనూ మామూలుగా నాలుగు వారాల జీతంలో ఇరవయ్యో వంతే. బ్రిటిష్ కొలంబియాలో పనిచేసిన రోజులతోనే భాగిస్తారు. అయితే అక్కడ ముందు 30 రోజుల్లో 15 రోజులు పని చేసి ఉండాలి, కాబట్టి వారానికి మూడు షిఫ్టులు చేసేవారు మామూలుగా ఆ గీత దాటలేరు.

అంతర్జాతీయ విద్యార్థులకు కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే అనుమతి. ఎనిమిది గంటల షిఫ్టులు మూడు. నాలుగు వారాలకు 96 గంటలు, ఇరవైతో భాగిస్తే 4.8. సెలవు నాడు పనికి వెళ్తే చేసిన గంటలకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. దానిమీద కలిపే స్టాట్ పే మళ్లీ ఆ 4.8 గంటలదే. 2018 విక్టోరియా డేకు ఇదే మనిషికి ఎనిమిది గంటల డబ్బు వచ్చేది.